సున్నాల మీద గీతలు గీయడం నేర్పారు, ఎందుకో చెప్పలేదు

మొన్న రాత్రి పదకొండింటికి మా తమ్ముడు ఫోన్. తెల్లారితే ఓఆర్ (ఆపరేషన్స్ రీసెర్చ్) పరీక్ష. ఎవరికి ఏ పని ఇస్తే మొత్తం ఖర్చు తగ్గుతుందో తేల్చే లెక్క చేస్తున్నాడు. మనుషులు అడ్డంగా రోల్లో, పనులు నిలువుగా కాలమ్‌ల్లో; ప్రతి రోలో, ప్రతి కాలమ్‌లో చిన్న అంకెని తీసేసి, వచ్చిన సున్నాలన్నీ కవరయ్యేలా వీలైనన్ని తక్కువ గీతలు గీయాలి. రోలెన్నో గీతలూ అన్నే వస్తేనే పంపకం తేలుతుంది. "అన్నా, ఐదు రోలకి నాలుగు గీతలే వచ్చాయి. ఇప్పుడేం చేయాలి?"

గీత పడని అంకెల్లో చిన్నది తీసుకో, గీత పడనివాటిలోంచి తీసెయ్, రెండు గీతలు కలిసినచోట కలుపు. చెప్పేశా. పదేళ్లయినా మర్చిపోలేదు, వంటబట్టిన ఎక్కాల్లాగా. కానీ ఎందుకు కలపాలో మాత్రం నాకూ ఎవరూ చెప్పలేదు. క్లాసులో అడిగితే "స్టెప్ మార్కులుంటాయి, వేసుకుంటూ పో" అన్నారు మా సారు.

నిజానికి అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒక్కో మనిషికి ఒక్కటే పని. ఒకడి రోలోని ప్రతి అంకెలోంచీ 3 తీసేస్తే, వాడికి ఏ పని అప్పజెప్పినా ఖర్చు సరిగ్గా 3 తగ్గుతుంది. అన్ని పంపకాల్లోనూ అంతే తగ్గింది కాబట్టి చవకైనది చవకైనదిగానే ఉంటుంది. కాలమ్‌కీ ఇదే లెక్క. ఆ గీతలు కలిసినచోట కలపడం కూడా వేరే మంత్రమేం కాదు: గీత పడని రోల్లో తీసి, గీత పడ్డ కాలమ్‌లకి కలుపుతున్నామంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు పడుతుందా?

అసలు ఈ పద్ధతి ఎందుకు కావాలో కూడా చెప్పరు. రమణకి వైరింగ్ గంట, మోటారు రెండు గంటలు. శీనుకి వైరింగ్ రెండు, మోటారు పది. వైరింగ్‌లో రమణే చురుకని అది వాడికిస్తే మొత్తం 11 గంటలు. తిరగేస్తే నాలుగే! పది మంది, పది పనులైతే 36,28,800 పంపకాలు. కూర్చుని రాస్తారా?

పేరు చూడండి, హంగేరియన్ మెథడ్. రాసింది అమెరికన్, హెరాల్డ్ కూన్. హంగేరీ గణితవేత్త కోనిగ్ పుస్తకంలో ఒక ఫుట్‌నోట్ పట్టుకుని, ఆ దేశంవాడే అయిన ఎగర్వారీ 1931లో హంగేరియన్‌లో రాసిన పేపర్‌ని నిఘంటువు, వ్యాకరణం ముందేసుకుని తనే అనువదించుకున్నాడు. 1955లో పద్ధతి ప్రచురించి వాళ్ల దేశం పేరే పెట్టాడు. తీరా చూస్తే 1851లోనే పోయిన జర్మన్ గణితవేత్త యాకోబీ లాటిన్ కాగితాల్లో ఇదే లెక్క ఉందని ఈ శతాబ్దంలో బయటపడింది. ఇంత కథ ఉంటే మనకి మిగిలింది స్కేలూ పెన్సిలూ.

ఇదంతా తమ్ముడికి చెప్పబోయా. "అన్నా, మాక్సిమైజేషన్ (లాభం పెంచే లెక్క) అడిగితే పెద్ద అంకెలోంచి అన్నీ తీసేయాలి, అంతే కదా?" అన్నాడు. అవునన్నాను. ఫోన్ పెట్టేశాడు.