ఫోటోలో మోటరు నడుస్తూనే ఉంది

సోలార్ మోటరు సర్వీసింగ్‌లో మిగతా ప్రపంచం ఇంకా వెనకబడే ఉంది. వేరే దేశాల్లో ఇప్పటికీ పలకలు కడుగుతూ, వైర్లు బిగిస్తూ, మీటరు పెట్టి కరెంటు చూసుకుంటూ టైమ్ వేస్ట్ చేసుకుంటున్నారట. నల్లగొండ, నాగర్‌కర్నూల్ పొలాలు ఆ మోటు పద్ధతిని ఎప్పుడో వదిలేశాయి. ఇక్కడ సర్వీసింగ్ అంటే ఫోటో. కింద మూలన అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైమ్ పడే జియోట్యాగ్ ఫోటో. అది అప్‌లోడ్ అయిందా, మోటరు బాగుపడ్డట్టే. నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది రైతు సొంత వ్యవహారం.

కాగితం మీద చూస్తే ఎవరినీ తప్పుపట్టలేం. రైతులకు సోలార్ పంపులిచ్చేందుకు కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకం రూల్స్ చదివితే కళ్లు చెమరుస్తాయి. పొలంలో విడిగా పెట్టే సోలార్ పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతాది రైతు. బిగించిన కంపెనీయే ఐదేళ్లు బాగోగులు చూడాలి. మూడు నెలలకోసారి వచ్చి తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వాలి. జిల్లాకో సర్వీస్ సెంటర్ ఉండాలి, మన భాషలో మాట్లాడే హెల్ప్‌లైన్ ఉండాలి, దొంగతనానికీ గాలివానకూ బీమా ఉండాలి. ఇంత మంచి మనసుతో రాసినవాళ్లకు దణ్ణం పెట్టాలి. ఆ రిపోర్టుకు ఫోటో అంటిస్తే చాలని కనిపెట్టిన మహానుభావుడు ఎవరోగానీ, ఆయనకు మాత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర విగ్రహం పెట్టాలి. విగ్రహం కింద అక్షాంశం, రేఖాంశం చెక్కించడం మరిచిపోవద్దు.

తనిఖీ చూసే భాగ్యం అందరికీ కలగదు కాబట్టి చెప్తాను. కంపెనీ మనిషి వస్తాడు. ఎప్పుడు? ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం ఒంటిగంటకు. కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉందనీ, తెల్లారగట్ల గానీ పొద్దుగూకినాక గానీ కడగాలనీ ఆయన చేతిలోని పుస్తకంలోనే ఉంటుంది. కానీ ఆ టైములో ఫోటోకు వెలుతురు చాలదు.

"సారూ, మోటరు నెల దినాల సంది నడుస్తలేదు," అంటాడు పెద్దాయన.

"అది తర్వాత చూద్దాం తాతా. ముందుగాల ఫోటో. తువ్వాల తీసి గా పలక మీద పెట్టు."

పలక తుడవాలంటే నీళ్లు కావాలి. మోటరు నడవని పొలంలో నీళ్లెక్కడివి? తాగడానికి తెచ్చుకున్న బాటిల్లోంచి కాసిన్ని చల్లుతారు. పలక మొత్తం తుడవక్కర్లేదు, ఫ్రేములో పడే మూల తుడిస్తే చాలు. పోయినసారీ అదే మూల, అంతకుముందూ అదే మూల. ఆ జానెడు అద్దంలో మీరు తల దువ్వుకోవచ్చు. మిగతాదంతా పిట్టల రెట్టలు, క్రషర్ దుమ్ము, మిర్యాలగూడ వైపైతే రైసు మిల్లుల ఊక బూడిద. వరసగా కలిపిన పలకల్లో ఒక్కదాని మీద నీడ పడినా, రెట్ట గట్టిపడినా ఆ వరస మొత్తంలో కరెంటు తగ్గుతుంది. ఆ సంగతి ఫోటోకు తెలియదు.

"జర నవ్వు తాతా."

"నీళ్లు రాకుంటే ఎట్ల నవ్వాలె బిడ్డా?"

"సబ్సిడీ యాది చేసుకో."

అసలు ఘట్టం ఇప్పుడుంది. పైపులోంచి నీళ్లు దూకుతున్న ఫోటో ఒకటి కావాలి. అది లేకపోతే యాప్ ముందుకు పోదు. కంపెనీ మనిషి చుట్టూ చూస్తాడు. పక్క చేనులో కరెంటు మోటరు నిండుగా పోస్తోంది. 2018 జనవరి 1న మొదలైన 24 గంటల ఉచిత కరెంటు (24 గంటలూ వస్తోందా అని అడక్కండి, దానికి వేరే వ్యాసం రాయాలి). ఇద్దరూ ఒడ్డు దాటి అక్కడికి నడుస్తారు. తాత పక్కవాడి పైపు దగ్గర నిలబడతాడు. చేను గలాయన కూడా తలగుడ్డ సర్దుకుని "నన్ను గూడ దించుండ్రి సారూ" అంటూ పక్కకు చేరుతాడు. క్లిక్. రేఖాంశంలో మూడో దశాంశం దగ్గర ఒక అంకె మారుతుంది. ఏసీ గదిలో కూర్చుని చూసేవాడు అంత దూరం పోడు. మన జిల్లాలో దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. సోలార్ పంపుల ఫోటోలకు నీళ్లు కావాలి కదా.

తర్వాత సిగ్నల్ కోసం చెరువు కట్ట దాకా నడక. అక్కడ తాత ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు రోజూ మెసేజ్ పెడుతుంటారు. తాత చెప్పేస్తాడు. చెప్పిన మరుక్షణం ఇంకో మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఫిర్యాదు ఏమిటో ఎవరూ అడగలేదు గనుక నేను చెప్తాను. కంట్రోలర్ డబ్బాలో ఎర్ర లైటు వెలుగుతోంది. అది చూపిస్తే కంపెనీ మనిషి "లైటు వెలుగుతుందంటే కరెంటు ఉన్నట్టే గద తాతా" అని ధైర్యం చెప్పి బండెక్కాడు. మర్నాడు మండల కేంద్రం నుంచి మామూలు మోటరు మెకానిక్ వచ్చి డబ్బా విప్పాడు. లోపల టెర్మినల్ మీద అడ్డంగా ఒక చచ్చిన బల్లి, దాని చుట్టూ చీమలు. బల్లిని తీసి, చీమల్ని ఊది, కాలిన చోట వైరు మార్చి, వైరు లోపలికి పోయే సందు మూసేసి, మూడు వందలు తీసుకుని వెళ్లాడు. మోటరు నడిచింది. తర్వాతి తనిఖీలో కంపెనీ మనిషికి ఆ డబ్బా మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. సీలు పగిలి ఉంది. బయటివాడు విప్పాడు. వారంటీ చెల్లదు. పగిలిన సీలును నాలుగు వైపుల నుంచి ఫోటో తీశాడు. నేను చూసిన తనిఖీ ఫోటోల్లో ఫోకస్ సరిగ్గా కుదిరింది దానికొక్కదానికే.

నిజానికి పని ఎంత? పలకలు తుడవడం, కింద మొలిచిన తుమ్మ కొట్టేయడం, కనెక్టర్లు వదులయ్యాయా చూడడం, ఎలుకలు కొరికిన వైరుకు గొట్టం తొడగడం, ఎర్త్ వైరు ఉందా, ఎవడైనా రాగి కోసం కోసుకుపోయాడా చూడడం, నట్లు బిగించడం. గంట, గంటన్నర పని. ఫోటో కోసం కట్ట దాకా పోయి వచ్చే టైములో సగం అయిపోతుంది.

పుస్తకంలో ఇంకో ముక్క ఉంటుంది. పలకల్ని ఉప్పులు లేని నీటితోనే కడగాలట. బోరు నీళ్లతో కడిగితే ఆరాక కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు తెల్లగా పేరుకుని మచ్చలు పడతాయి, గీకితే అద్దం పాడవుతుంది. మాట నిజమే. అందుకని మునుగోడు వైపు రైతు ఇంటి దగ్గర మిషన్ భగీరథ నల్లా నీళ్లు క్యాన్‌లో పట్టి, బండికి కట్టుకుని పొలానికి పోతాడు. బోరులోంచి నీళ్లు తోడే మోటరు కోసం ఊళ్లోంచి నీళ్లు మోసుకుపోవడం! నేనూ నవ్వాను.

ఎక్కువసేపు నవ్వలేకపోయాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ఊళ్లలో అంతకు ఎంతో మించిన నీళ్లనే తరాల తరబడి మనుషులు తాగారు. నడుములు వంగిపోయాయి, కాళ్లు వంకర్లు తిరిగాయి, పిల్లల పళ్లకు గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. మా పేరు దేశాలు తిరిగింది, మంచినీళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఇంటికి రాలేదు. అద్దానికి మచ్చ పడుతుందని మొదటి రోజే అచ్చేసి చేతిలో పెట్టగలిగారు కదా, మా పిల్లల పళ్ల మచ్చలకు ఈ ముందుచూపు ఎక్కడికి పోయింది? సరే, కనీసం ఆ అద్దాన్నైనా చూసుకుంటున్నారా అంటే అదీ లేదు. బత్తాయి నాలుగైదేళ్లు సాకితే గానీ కాపుకు రాదు. ఎండాకాలం నెల రోజులు మోటరు పడుకుంటే ఆ చెట్టు ఫోటో కోసం ఆగదు, ఎండిపోతుంది. తన వాటా సొమ్ము వడ్డీకి తెచ్చి కట్టినవాడు తోట నరికి పొయ్యిలోకి పెట్టుకుంటుంటే, 'పరిష్కరించబడినది' అని నొక్కినవాడికి ఒకటో తారీఖున జీతం పడుతుంది. సిగ్గుండాలి.

ఇప్పుడు ఈ విద్య నల్లమల ఎక్కుతుందేమోనని నా టెన్షన్. 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో గిరిజన రైతులకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. 12,600 కోట్లు, 2.10 లక్షల మంది గిరిజన రైతులు, 6 లక్షల ఎకరాల పోడు పట్టా భూములు. అడవిలో కరెంటు స్తంభం పాతాలంటే అనుమతుల దగ్గరే జీవితం అయిపోతుంది కాబట్టి అక్కడికి సోలారే సరైంది, అందులో వెటకారం లేదు. కానీ రైతుకో మోటరు లెక్కేసి, మూడు నెలలకో ఫోటో చొప్పున తీస్తే ఏడాదికి 8.40 లక్షల ఫోటోలు. సిగ్నల్ దొరకని చెంచు పెంటల్లో (అడవిలోని గూడేల్లో) అవి అప్‌లోడ్ చేయడానికే వేరే పథకం కావాలి. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు అక్కడే ఉన్నారు. నలుగురికి పని నేర్పి రెంచీ, మీటరు, నాలుగు స్పేర్ కనెక్టర్లు చేతికిస్తే సరిపోతుంది. అట్లా చేస్తే అది మరీ పాత పద్ధతి అవుతుందనుకుంటా.

పోయిన నెల తాతకు ఫోన్ వచ్చింది. కంపెనీ నుంచే. ఆడపిల్ల, తియ్యటి గొంతు, చక్కటి తెలుగు. "మీ ఉచిత నిర్వహణ ఐదేళ్ల గడువు ముగిసిందండీ, డబ్బులు కట్టి రెన్యూ చేసుకుంటారా?" ఐదేళ్లలో కంపెనీ తనంతట తాను చేసిన మొదటి ఫోన్ అది. తాత సావధానంగా విని ఒకటే అడిగాడు: "ఫోటోలు గిట్ట మేమే తీసి పంపితే ఏమన్న తగ్గిస్తరా బిడ్డా?"

కనుక్కుని చెప్తామన్నారు.