బండి ఇచ్చాం సరే, బాగుచేసేదెవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దివ్యాంగుల కోసం మన సంఘాలు ఏటా మూడు చక్రాల బళ్లు, చేతికర్రలు, వినికిడి మిషన్లు పంచుతున్నాయి. మంచి పనే. కానీ మన డబ్బు ఎక్కువగా కావాల్సింది అక్కడ కాదని నా అభిప్రాయం.

చట్టం మాటకొస్తే లోటు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. అయితే వీటిలో ఏది అందాలన్నా ముందు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే పత్రం) ఉండాలి, అందులో వైకల్యం కనీసం 40 శాతం పడాలి.

చాలామంది ఆగిపోతున్నది అక్కడే. మందస కొండల మీద సవర గిరిజనుల గూడెంలో చెవులు వినపడని పిల్లాడు ఉన్నాడనుకోండి. సదరం పరీక్షకి స్లాటు దొరికినా, చెవి పరీక్ష చేసే యంత్రం, డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటో, బస్సు, మళ్లీ ఆటో. జీడితోటల్లో పని దొరికే రోజుల్లో తల్లి కూలి పోగొట్టుకోవాలి. బస్సులో రాయితీ ఉంది గానీ సర్టిఫికెట్ చేతికొచ్చాకే. తీరా వెళ్తే డాక్టరు సెలవు, మళ్లీ స్లాటు. రెండోసారి ఆ తల్లి వెళ్లలేకపోతే తప్పు ఆవిడది కాదు.

డాక్టరుని, యంత్రాన్ని కొండ దగ్గరికి పంపాల్సింది ప్రభుత్వం. సవర మాట వచ్చిన మనిషిని తోడిచ్చి, దారి ఖర్చు పెట్టుకుని, సర్టిఫికెట్ వచ్చేదాకా వెంట ఉండాల్సింది స్వచ్ఛంద సంస్థ. ఎవరి పని వాళ్లు చేయాలి. సచివాలయం మెట్ల పక్కన ర్యాంపు కట్టించడానికి మనం చందాలు వేసుకోకూడదు. అది కట్టించమని గట్టిగా అడగాలి.

కిందటిసారి కవిటి వైపు వెళ్లినప్పుడు ఒక ఇంటి వసారాలో మూడు చక్రాల బండి చూశాను. ముందు టైరు పోయింది, ఉప్పుగాలికి చైను తుప్పు పట్టింది, సీటు మీద కొబ్బరి డొక్కలు పేర్చారు. ఆ టైరు సైజు ఊళ్లో సైకిల్ షాపులో దొరకదట. బండి ఎక్కాల్సిన మనిషి అరచేతులకు పాత చెప్పులు తొడుక్కుని నేల మీద పాకుతూ వచ్చి మాతో మాట్లాడాడు. ఆ బండి ఎవరిచ్చారో నేను అడగలేదు. ఎవరిచ్చినా నా బాధ ఒక్కటే: ఇచ్చిన తర్వాత ఆ ఇంటికి మళ్లీ ఎవరూ వెళ్లలేదు.

కృత్రిమ కాళ్లదీ ఇదే కథ. విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మంగళపాలెంలో గురుదేవ చారిటబుల్ ట్రస్ట్ వాటిని ఉచితంగా చేసిస్తోంది. కానీ తీసేసిన కాలి మిగిలిన భాగం కొన్నాళ్లకి సన్నబడుతుంది, పిల్లలైతే ఎదుగుతారు. సరిచేయించుకోకపోతే కాలు ఒరుసుకుని పుండు పడుతుంది, ఆ తర్వాత ఆ కృత్రిమ కాలు మూలకి చేరుతుంది. మళ్లీ రావడానికి చార్జీలు లేనివాళ్లకి ఉచితం సగమే అందినట్టు.

అందుకే ఈ ఏడాది మన విరాళాల్లో కొత్త బళ్లు కాస్త తగ్గించి, మరమ్మతు తెలిసిన మెకానిక్‌కి జీతం, స్పేర్ పార్టులు, దారి ఖర్చులు పెట్టుకోవాలి. చట్టంలోని 72వ సెక్షన్ ప్రకారం ఉండాల్సిన జిల్లా కమిటీల్లో దివ్యాంగుల సంఘాల మాట వినమని, సదరం శిబిరాలు కొండ మండలాల్లోనే పెట్టమని రెండు జిల్లాల కలెక్టర్లకీ మన సంఘం తరఫున ఉత్తరం రాయాలి. ముసాయిదా నేను రాస్తాను. సంతకాలకి మీరు సిద్ధంగా ఉండండి.