న్యూస్‌కూ నాలుగు దిక్కులకూ చుట్టరికం లేదు

నల్లగొండలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. మొన్న తొమ్మిదో తరగతి టెస్టులో ఒక్క మార్కు ప్రశ్న ఒకటి ఇచ్చాను: ‘న్యూస్’ అనే మాట ఎలా పుట్టింది? పేపర్లు దిద్దడానికి కూర్చుంటే సగానికి పైగా ఒకటే జవాబు: నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్. ఎర్ర పెన్ను తీసి అందరికీ సున్నా చుట్టాను.

మర్నాడు సాయంత్రం ప్రకాశం బజారులో చాయ్ తాగుతుంటే ఒక పిల్లవాడి నాన్న ఎదురొచ్చాడు. “సార్, మా పోరనికి మార్కెందుకు కోసిండ్రు? గ్రూపుల గిదే ఉన్నది గద!” అంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు.

‘99 శాతం మందికి తెలియని నిజం’ అని మొదలైంది ఆ మెసేజ్. అందులో ఉన్నది ఇదీ: నాలుగు దిక్కుల నుంచి సమాచారం వస్తుంది కాబట్టి ఇంగ్లీషులో ఆ దిక్కుల మొదటి అక్షరాలు కలిపి న్యూస్ అని పేరు పెట్టారు. మొట్టమొదటి పత్రికల మీద దిక్సూచి బొమ్మ ఉండేది. ‘న్యూ’ నుంచి న్యూస్ వచ్చిందనడం తప్పు, అదే నిజమైతే చివర ఎస్ ఎందుకుంది, ఏకవచనం ఎందుకు లేదు? ఇంత అర్థమున్న మాట మన భాషలో ఒక్కటి చూపించండి. చివర మామూలే, పది మందికి పంపమని.

చాయ్ చల్లారిపోయేదాకా ఆయనకు చెప్పాను. మిగతా తల్లిదండ్రులూ అదే గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎస్ సంగతి. ఆ మెసేజ్ మొత్తంలో ఎవరో కాస్త ఆలోచించి అడిగిన ప్రశ్న అదొక్కటే. ‘పెద్ద’ అనేది విశేషణం. దానికి ‘లు’ తగిలిస్తే ‘పెద్దలు’ అవుతుంది, అప్పుడది పెద్దవాళ్లకు పేరు. ఇంగ్లీషులో ‘న్యూ’కు ఎస్ తగిలిస్తే ‘కొత్తవి’, అంటే కొత్త సంగతులు. మన స్టేషన్ మీదుగా పోయే గూడ్స్ బండిలోని గూడ్స్ ఇలాగే ‘గుడ్’ నుంచి వచ్చింది. పండక్కి కొనే స్వీట్స్ కూడా అంతే. స్వీట్స్‌లో ఎస్ అంటే సౌత్ అని ఇంతవరకు ఎవరూ నాతో అనలేదు.

పద్నాలుగో శతాబ్దం చివరి నుంచే ఇంగ్లీషులో ఈ అర్థంతో ఈ మాట కనిపిస్తుంది. అప్పటికే లాటిన్‌లో ‘నోవా’ అంటే కొత్త సంగతులు. ఫ్రెంచివాళ్లు ఈ రోజుకీ వార్తలను ‘నువెల్’ అంటారు, అదీ ‘కొత్త’ అనే మాటకు బహువచనమే. ఇంగ్లీషువాళ్లు ఆ పద్ధతినే తమ మాటతో చేసుకున్నారు.

ఏకవచనం లేకపోవడం సంగతి చూస్తే, పాలకు ఏకవచనం ఏది? నీళ్లకు? పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి అని బహువచనంలోనే అంటాం కదా. అంతమాత్రాన పాలు అనే మాటను అక్షరం అక్షరం విడగొట్టి అర్థం వెతకం. పైగా న్యూస్‌ను చాలాకాలం బహువచనంగానే వాడారు. షేక్‌స్పియర్ నాటకాల్లో ‘ఈ వార్తలు’ అన్నట్టుగా వాడిన చోటు ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో మాత్రం దాని పక్కన ఏకవచన క్రియ వచ్చింది. అంటే ఆ రోజుల్లో మాట అటూ ఇటూ ఊగుతూ ఉంది. తర్వాత మెల్లగా ఏకవచనంలో స్థిరపడింది.

స్పెల్లింగు దగ్గర దిక్కుల కథ పూర్తిగా కూలిపోతుంది. అప్పట్లో ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసేవారు. 1611 బైబిల్లోనూ, 1622లో లండన్‌లో అమ్మిన వార్తాపత్రాల మీదా ఈ మాట ఎన్, ఈ, డబ్ల్యూ, ఈ, ఎస్ అని ఐదు అక్షరాలతో ఉంది. మరి ఆ రెండో ‘ఈ’ ఏ దిక్కు? రెండు తూర్పులున్నాయా? ఈ మాట చెప్పగానే ఆ తండ్రి మొదటిసారి నవ్వాడు.

వరస కూడా కుదరదు. ఇంగ్లీషువాళ్లు నోటితో చెప్పే వరస నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. దిక్సూచి చుట్టూ కుడివైపుగా తిరిగితే ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర. న్యూస్ అని రావాలంటే ముందు మాట చేతిలో పెట్టుకుని దానికి సరిపడేలా దిక్కులను పేర్చాలి. ఎవరో చేసింది అదే.

అలా పేర్చింది ఈ మధ్యన కూడా కాదు. 1640లో లండన్‌లో అచ్చయిన ఒక హాస్య పద్యాల సంకలనంలోనే ఈ నాలుగు దిక్కుల చమత్కారం ఉంది. అప్పటికి న్యూస్ అనే మాట పుట్టి రెండు వందల ఏళ్లు దాటింది. మన చాటు పద్యాల్లాంటి సరదా అది. చదివి నవ్వుకోవాల్సినదాన్ని మనం జనరల్ నాలెడ్జ్ చేసుకున్నాం.

దిక్సూచి బొమ్మకూ ఇదే జవాబు. అచ్చు పత్రిక కంటే మాటే పాతది. ఐరోపాలో మొదటి అచ్చు వార్తాపత్రికగా చెప్పేది 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చింది. అది జర్మన్ భాషలో ఉంది, దానికి న్యూస్ అనే మాటతోనే పని లేదు. ఎక్కడైనా ఒక పత్రిక పేరు పక్కన దిక్కుల గుర్తు వేసుకుంటే అది అలంకారం.

పత్రికలంటే మా ఊరికీ ఒక చరిత్ర ఉంది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఇక్కడి నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. నీలగిరి అన్నా నల్లగొండ అన్నా ఒకటే. నల్ల పక్కన కొండ చేరితే ‘క’ ‘గ’ అయింది, అంతే. కావాలంటే ‘న’ అంటే నాగార్జునసాగర్, ‘గొ’ అంటే గొల్లగట్టు, ‘డ’ అంటే డిండి అని నేనూ ఒక మెసేజ్ తయారు చేయగలను. ‘ల్ల’ దగ్గరే కాస్త ఇబ్బంది.

‘నోటబుల్ ఈవెంట్స్, వెదర్, స్పోర్ట్స్’ అనే ఇంకో విస్తరణ కూడా తిరుగుతోంది. ఒకే మాటకు రెండు పుట్టుకలు చెబుతున్నప్పుడే అనుమానం రావాలి. మొదటి అక్షరాలు కలిపి చేసిన మాటలు లేకపోలేదు. రాడార్, లేజర్ అలా వచ్చినవే. అవి ఇరవయ్యో శతాబ్దపు మాటలు.

ఇక మన భాషలో అర్థమున్న మాట చూపించమన్న సవాలు. ఆ మెసేజ్‌లో నాకు కోపం తెప్పించింది ఇదే. ‘వార్త’నే తీసుకోండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వార్త అంటే వ్యవసాయం, పశుపోషణ, వర్తకం. జనం బతుకుతెరువును చెప్పిన మాట తర్వాత సమాచారానికి పేరైంది. మా జిల్లా పేజీలో వడ్ల కొనుగోళ్లు, బత్తాయి ధరలు చదివినప్పుడల్లా ఆ పాత అర్థం ఇంకా చావలేదనిపిస్తుంది.

ఇంకోటి ‘కబురు’. అరబ్బీ ‘ఖబర్’ మన నోట పడి కబురైంది. కబురు పెడతాం, కబుర్లాడుకుంటాం. ఆ ఖబర్‌కు అరబ్బీలో బహువచనం ‘అఖ్బార్’, అంటే ఖబర్లు. ఉర్దూలోకి వచ్చేసరికి అది ఏకవచనమైపోయింది, పేపరుకు పేరైంది. బహువచనంగా పుట్టి ఏకవచనంగా స్థిరపడటం న్యూస్ ఒక్కదానికే జరగలేదు.

ఇది విన్నాక ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “మా తాత పేపర్‌ను అఖ్బార్ అనెటోడు సార్. అఖ్బార్ అచ్చిందా అని పొద్దుగాల్నే అడిగెటోడు” అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, “మరి మార్కు?” అన్నాడు.

మార్కు కలపలేదు. వచ్చే టెస్టులో ‘గూడ్స్’ అడుగుతాను, దాని మీద మెసేజ్ వచ్చేలోపు పిల్లవాడికి చెప్పుకోమన్నాను.