అద్దంలా నునుపు చేసినంత మాత్రాన ఘర్షణ పోదు

“రెండు వస్తువుల మీది ఎగుడుదిగుళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడమే ఘర్షణ. నానో టెక్నాలజీతో వాటిని పరమాణు స్థాయిలో చదును చేస్తే ఘర్షణ సున్నా, అరుగుదల సున్నా, ఇంజన్‌కి ఆయిలే అక్కర్లేదు. 2004లో నెదర్లాండ్స్‌లో రుజువు చేశారు కూడా.” గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. స్కూలు పాఠం సగం, సైన్సు వార్త సగం కలిపి వండారు కాబట్టి చదవగానే నిజమే అనిపిస్తుంది.

మొదట ఎగుడుదిగుళ్ల సంగతి. ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 18వ శతాబ్దంలో దాదాపు ఇలాగే అనుకున్నాడు. కానీ టూల్ రూములో పనిచేసిన వాళ్లని స్లిప్ గేజుల గురించి అడగండి. కొలతలు సరిచూడటానికి వాడే, అద్దంలా మెరిసే ఉక్కు బిళ్లలవి. రెండింటిని శుభ్రంగా తుడిచి, నొక్కుతూ జరిపితే జిగురూ అయస్కాంతమూ లేకుండానే అతుక్కుంటాయి. పైదాన్ని ఎత్తితే కిందదీ లేస్తుంది. గరుకు వస్తువులు తాకేది కొన్ని శిఖరాల దగ్గరే; నునుపు పెరిగేకొద్దీ నిజంగా తాకే చోటు పెరుగుతుంది, పరమాణువుల మధ్య ఆకర్షణ పట్టు బిగిస్తుంది.

పాత హార్డ్ డిస్కుల కథ ఇంకా బాగుంటుంది. కంప్యూటర్ ఆపగానే, డేటా చదివి రాసే హెడ్ డిస్కు మీదే వాలేది. ఎక్కువ డేటా పట్టాలంటే హెడ్ ఇంకా దగ్గరగా ఎగరాలి, అందుకని డిస్కును మరింత నునుపు చేస్తూ పోయారు. దాంతో వాలిన హెడ్ అక్కడే కరుచుకుని, మోటారు తిరగడానికే మొరాయించేది. మందు ఏమిటంటే, హెడ్ వాలే చోట లేజర్‌తో కావాలని బొడిపెలు పెట్టడం! తర్వాత హెడ్‌ను డిస్కు బయటే నిలిపే పద్ధతి వచ్చింది.

ఇక 2004 ప్రయోగం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో జరిగిన మాట నిజమే, కానీ అది చెప్పింది వేరు. గ్రాఫైట్ మీద గ్రాఫైట్ రేకును జరుపుతూ కోణం మార్చారు. రెండింటి పరమాణు వరసలు కలిసినప్పుడు ఘర్షణ ఎక్కువ, కాస్త తిప్పితే దాదాపు మాయం, 60 డిగ్రీల దగ్గర మళ్లీ ఎక్కువ. నునుపు అన్ని కోణాల్లోనూ అదే కదా! ఘర్షణ తగ్గింది వరసలు పొసగకపోవడం వల్ల. పైగా రేకు తనంతట తానే తిరిగి, వరస కుదిరే కోణంలో ఆగిపోతుందని తర్వాత తేలింది. 2012లో చైనా పరిశోధకులు మైక్రోమీటర్ల సైజులోనూ ఇలాంటి జారుడు చూపించారు. గొప్ప పనే, కానీ పిస్టన్ సైజెక్కడ, మైక్రోమీటరెక్కడ?

అరుగుదల సున్నా అన్నదీ తప్పే. 2013లో సిలికాన్ మొనను వజ్రం మీద రుద్దుతూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ముక్కలు విరగలేదు, అయినా మొన అరిగింది. పరమాణువులు ఒక్కొక్కటిగా ఊడిపోతున్నట్టు లెక్క తేలింది.

ఇంజన్ ఆయిల్ గురించి చెప్పాలంటే, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) లోపల హోనింగ్‌తో, అంటే సానరాళ్లతో రుద్ది, ఒకదాన్నొకటి దాటేలా సన్నటి గీతలు పెట్టేదే ఆయిల్ నిలవడానికి. అవి అరిగి బోరు తళతళలాడుతుంటే మెకానిక్ మురిసిపోడు, మళ్లీ హోనింగ్ చేయాలంటాడు.