సవరణ: ఆసనం దగ్గర గడ్డలన్నీ మొలలు కావు

కిందటి వారం పెట్టిన పోస్టులో "ఆసనం దగ్గర గడ్డ తగిలితే మొలలే, గోరువెచ్చని నీళ్ల బేసిన్లో కూర్చోండి, వారంలో అణిగిపోతుంది" అని రాశాను. తప్పండి. అది చదివి రాజోలు వైపు రొయ్యల చెరువు మీద ఉండే ఒకాయన అయిదు రోజులు బేసిన్నే నమ్ముకున్నారు. ఆయనది మొల కాదు, చీముగడ్డ. పైగా షుగరు. చివరికి కోసి చీము తీయాల్సి వచ్చింది.

నేను రాసింది సరిపోయేది ఒక్కదానికే: బయటి మొలలో రక్తం గడ్డకట్టినప్పుడు. బాగా ముక్కాకో, బరువెత్తాకో ఉన్నట్టుండి నేరేడుపండు రంగులో చిన్న ఉబ్బు వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు ప్రాణం తోడేస్తుంది, తర్వాత నొప్పి దిగుతూ వస్తుంది; ఉబ్బు పూర్తిగా అణగడానికి మాత్రం వారం చాలదు, కొన్ని వారాలు పట్టొచ్చు. చీముగడ్డ అలా కాదు. రోజురోజుకీ సలుపు పెరుగుతుంది, చుట్టూ ఎర్రగా, వేడిగా ఉంటుంది, జ్వరం కూడా రావచ్చు. మాత్రలతో కాలక్షేపం చేయొద్దు. షుగరున్నవాళ్లయితే ఆ రోజే సర్జన్ దగ్గరికెళ్లాలి.

గడ్డ చితికాక చిన్న రంధ్రంలోంచి మళ్లీమళ్లీ చీము కారుతుంటే భగందరం (ఫిస్టులా, అంటే ఆసనం లోపలి నుంచి బయటి చర్మం దాకా పడే సన్నటి దారి) అనుమానించాలి. నొప్పిలేని మెత్తటి తోలు ముక్క పాత మొల మిగిల్చినదో, ఆసనం అంచున పడ్డ చీలిక (ఫిషర్) పక్కన పెరిగినదో కావచ్చు. గుత్తుగా పులిపిర్లుంటే వైరస్ పని. గట్టిగా ఉండి వారాలైనా తగ్గకపోతే, రక్తం పడుతుంటే, క్యాన్సరు కాదని డాక్టరు చూసే తేల్చాలి.

మన బస్టాండు గోడల మీద మొలల బోర్డులుంటాయి చూడండి, వాటి లెక్కలో అన్నీ మొలలే. నా పోస్టూ అదే బాపతైంది. ఆ వాక్యం కొట్టేశాను.