చెరువుకు నీటి బెడద

హైదరాబాద్‌లో చెరువులను పట్టించుకునే నాథుడు లేడని వాపోవడం కొందరికి అలవాటైపోయింది. ఇంత అన్యాయమైన నింద మరొకటి ఉండదు. నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ, నగర పాలక సంస్థ, మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ, కాలుష్య నియంత్రణ మండలి, వీటికి తోడు 2024 నుంచి చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా. ఒక్కొక్క చెరువుకు ఇందరు నాథులు! వెనకటికి ఊరి చెరువుకంతటికీ ఒక్క నీరటికాడు ఉండేవాడు. చేతిలో పార, భుజాన గొంగడి. ఫైలు లేదు, జీపు లేదు, సమీక్షా సమావేశం అసలే లేదు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత నీరు పోవాలో అతను చెప్పిందే చట్టం. అంత అడ్డదిడ్డంగా సాగిన రోజుల్లో చెరువులు ఎలా నిండేవో ఎవరైనా పరిశోధన చేయాలి.

మన వాళ్ళ పని అలా కాదు. ముందు పేర్లను భద్రం చేశారు. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేదు, నల్లకుంటలో కుంట లేదు, తలాబ్‌కట్టలో తలాబూ లేదు కట్టా లేదు. అయినా ఒక్క అక్షరం కబ్జా కాలేదు. బస్సు కండక్టర్లు రోజూ ఎలుగెత్తి ఆ పేర్లు స్మరిస్తూనే ఉన్నారు. పోయినవారిని ఇంత నిష్ఠగా తలుచుకునే బంధువులు ఎవరికున్నారు?

ఇక నిబంధనల సంగతి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్లు ఖాళీగా వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు చాలు. పది మీటర్ల వెడల్పు దాటని నాలాకైతే 2 మీటర్లే. ఇందులోని సౌలభ్యం గమనించారా? చెరువు కాస్త చిక్కితే దాని చుట్టూ వదలవలసిన జాగా కూడా చిక్కుతుంది. చెరువే లేకుండా పోతే వదలవలసిన పనే లేదు. అందుకే కొందరు పౌరులు రాత్రివేళ సొంత ఖర్చుతో లారీల కొద్దీ మట్టి తెచ్చి పోస్తుంటారు. ప్రభుత్వంపై భారం తగ్గించాలన్న తపన తప్ప వారికి వేరే ఉద్దేశం ఉంటుందని నేను అనుకోను.

ఇంతమంది ఇంత శ్రమపడుతుంటే అన్నిటినీ పాడుచేసేది నీళ్ళే. 2020 అక్టోబరులో చూశాం కదా. టోలీచౌకిలో షాహాతిం చెరువు పక్కనున్న నదీం కాలనీలోకి నీళ్ళు చొరబడి, వీధుల్లో పడవలు తిరిగాయి. ప్లాను ఆమోదం లేదు, క్రమబద్ధీకరణ రుసుము కట్టలేదు, తిన్నగా ఇళ్ళలోకి వచ్చి మంచాలెక్కి కూర్చున్నాయి. తాము ఒకప్పుడు అక్కడే ఉండేవాళ్ళమన్న ఒక్క సాకు తప్ప వాటి దగ్గర ఏ పట్టా లేదు.

ఈ నీళ్ళది పాత నేరచరిత్రే. 1908 సెప్టెంబరు 28న మూసీ చేసిన విధ్వంసం నగరం మరిచిపోలేదు. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగితే, నీటిని నగరం ఎగువనే పట్టి ఉంచమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద పోవడమే కాదు, తాగడానికి నీళ్ళు కూడా దొరికాయి. ఆ రెండిటినీ కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చి, పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలకు కళ్ళెం వేశారు. పాపం ఆ గ్రామాలు పాతికేళ్ళకు పైగా మంచి గాలి, మంచి నీళ్ళు తప్ప మరే అభివృద్ధికీ నోచుకోలేదు. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తివేస్తూ జీవో 69 వచ్చింది. జలాశయాలకు కష్టం కలగకుండా చూడాలనే మాట అందులోనూ రాశారు. రాయకపోతే బాగుండదు కదా.

మా కాలనీ చెరువు ముచ్చట కూడా చెప్పాలి. దానికి సుందరీకరణ జరిగింది. చుట్టూ నడకదారి, స్టీలు కంచె, వ్యాయామ పరికరాలు, రంగుల దీపాలు, సెల్ఫీ దిగడానికి మనిషెత్తు అక్షరాలు. ఒక ఫౌంటెన్ కూడా పెట్టారు. ప్రారంభోత్సవం నాడు అది అరగంట సేపు ఎగసింది. ఎగువ నుంచి వాన నీరు తెచ్చే కాలువ మీద అపార్టుమెంట్లు లేచాయి కాబట్టి ఆ బెడద తప్పింది. దాని బదులు మురుగు వస్తుంది. వానాకాలం, ఎండాకాలం అన్న పట్టింపు లేకుండా, కరువులోనూ మాట తప్పకుండా వస్తుంది. దాని పుణ్యమా అని గుర్రపు డెక్క ఏపుగా పెరిగి, ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చగా పరుచుకుంది. దోమల మందు చల్లడానికి డ్రోన్ వస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. ‘నీటిలోకి దిగరాదు’ అన్న బోర్డు కింద కాపలాదారు కూర్చుంటాడు. ఇంతవరకు ఆ నియమాన్ని ఎవరూ అతిక్రమించలేదు. అతిక్రమించాలన్నా దారి లేదు.

ఆ డెక్క తీయించమని నేను ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజే ఫోనుకు సమాధానం వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.’ సాక్ష్యంగా ఒక ఫొటో జతచేశారు. నిండు చెరువు, అలల మీద సాయంత్రపు ఎండ, ఒడ్డున నాలుగు కొంగలు. మనసు పులకించింది. ఆదివారం మనవణ్ణి తీసుకువెళదామని ఆ చెరువు ఎక్కడిదో నలుగురినీ అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు.

చివరికి కట్ట మైసమ్మ గుడి దగ్గర కూర్చునే పెద్దాయనకు చూపించాను. వాళ్ళ నాన్న ఈ ఊరి నీరటికాడు. ఆయన ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి, ఒడ్డునున్న చిన్న తెల్లటి గోడ మీద వేలు ఆనించాడు.

“ఇది మన మైసమ్మ గుడే కదా సారూ. ఫొటో పాతది. బాగుచేయడం మొదలుపెట్టక ముందుది.”