మేనర్ అంటే ఊరు కాదు, దాని లార్డ్ ప్రభువూ కాదు

ఆన్‌లైన్‌లో తెగ తిరుగుతున్న మాట: “మధ్యయుగ ఇంగ్లండ్‌లో ఊరికో మేనర్. ఊరంతా ఒకే ప్రభువంశం సొత్తు. తరతరాలుగా వాళ్లు అక్కడి కోటలోనే కాపురం. ఇప్పుడు ఆ బిరుదు కొనుక్కుంటే మీరూ లార్డే.” మేనర్ అంటే ఒక లార్డ్ చేతి కింద, శిస్తులూ సొంత కోర్టూ ఉన్న భూభాగం. ఆ నాలుగు ముక్కల్లో ఒక్కటీ పూర్తిగా నిలవదు.

ఊరికో మేనర్? కొన్నిచోట్ల నిజమే. కానీ ఒకే ఊళ్లో రెండు మూడు మేనర్లు ఉండేవి, ఒకే మేనర్ రెండు మూడు ఊళ్లకు పాకేది కూడా. 1086లో రాజు విలియం రాయించిన భూముల చిట్టా, డూమ్స్‌డే లెక్కలు చూడండి. ఒక్కో కౌంటీలో ఊళ్ల వరుసన కాకుండా, భూమి ఎవరి చేతిలో ఉందో వాళ్ల వరుసన రాశారు. అందుకే ఒకే ఊరి పేరు నాలుగైదు చోట్ల తగులుతుంది. మొదటి పేజీతో ఆగిపోయినవాళ్లు ఊరంతా ఒకడిదే అనుకుంటారు.

సొత్తు? కానే కాదు. భూమంతా రాజుది. బారన్లు రాజు కింద, నైట్లు బారన్ల కింద సేవకు బదులుగా దాన్ని అట్టిపెట్టుకునేవారు. తండ్రి పోతే వారసుడు ‘రిలీఫ్’ కట్టాలి. ఒక నైట్ ఫీజుకు, అంటే ఒక నైట్ సేవకు బదులుగా ఇచ్చిన భూమికి, 100 షిల్లింగులు మించరాదని 1215లో మాగ్నా కార్టా హద్దు పెట్టింది. వారసుడు మైనరైతే ఆదాయం పైవాడికి, పెళ్లి సంబంధం కూడా అతని చేతిలోనే. రాజద్రోహమైతే మొత్తం పోయినట్టే. రాజు మీద తిరగబడ్డ సైమన్ డి మాంట్‌ఫోర్ట్ 1265లో ఈవ్‌షామ్ యుద్ధంలో చచ్చాక అతని భూములు రాజు కొడుకు ఎడ్మండ్‌కి దక్కాయి.

తరతరాలుగా అక్కడే? రాజు విలియం సవతి తమ్ముడు రాబర్ట్ ఆఫ్ మోర్టెయిన్‌కి దాదాపు 800 మేనర్లు. ఎన్నింట్లో కాపురముంటాడు? వంశాలూ తెగిపోయేవి. గ్లోస్టర్ ఎర్ల్ గిల్బర్ట్ డి క్లేర్ 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో పిల్లల్లేకుండా పోయాడు. భార్య గర్భవతినంటూ ఏళ్లు గడిపింది. చివరికి 1317లో ఆస్తి ముగ్గురు అక్కచెల్లెళ్లకు పంచారు.

లార్డ్ అక్కడ లేకపోతే ఊళ్లో పని నడిపేది రీవ్ అనే పెత్తందారు. సాధారణంగా అతనూ లార్డ్ భూమికి కట్టుబడ్డ రైతే. సెప్టెంబరు 29న, మైకేల్మస్ నాడు, ఏడాది లెక్క ముగిసేది. పార్చ్‌మెంట్ ముందువైపు పాత బాకీలు, శిస్తులు, కోర్టు జరిమానాలు, నాగళ్ల మరమ్మతు ఖర్చు; వెనకవైపు ధాన్యం, పశువులు, కోళ్లు, గుడ్లు. లెక్క తేలకపోతే లోటు రీవ్ నెత్తిన.

ఇక బిరుదు. ఇల్లు అద్దెకిచ్చినాయన్ని ల్యాండ్‌లార్డ్ అంటే ఆయన ప్రభువైపోతాడా? ఇదీ అంతే. మేనర్ లార్డ్‌షిప్ ఒక ఆస్తి హక్కు, పీరేజ్ (ప్రభువర్గపు బిరుదు) కాదు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో సీటు రాదు, దానితోపాటు సెంటు భూమి కూడా రానక్కర్లేదు. పాస్‌పోర్టులో పేరుకు ముందు చేరదు, ఫలానా మేనర్ లార్డ్ అని వ్యాఖ్యగా మాత్రం రాస్తారు. 2003 అక్టోబరు 13 నుంచి ఏ మేనర్‌నీ కొత్తగా భూ రిజిస్టరులోకి ఎక్కించరు. రిజిస్టరులో లేనిది కొనాలంటే అమ్మేవాడి పాత దస్తావేజుల గొలుసంతా చూడాల్సిందే. ‘మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్‌లో ఉంది’ అని చూపిస్తే మోసపోవద్దు. కోర్టు రోల్స్, అంటే మేనర్ కోర్టు పాత రికార్డులు, ఏ ఆర్కైవ్స్‌లో ఉన్నాయో అది చెబుతుంది, లార్డ్ ఎవరో చెప్పదు.